ఎరుపు, పసుపు, పచ్చ: గవ్వలతో ఒక పాత్రల ఆట

ఖరగ్‌పూర్ స్టేషన్‌కు పేరు తెచ్చింది దాని పొడవాటి ప్లాట్‌ఫారం. 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేదాకా ప్రపంచంలో అంత పొడవైనది ఇంకోటి లేదు. కానీ ఈ అధ్యాయానికి కావలసిన వింత ప్రయాణికుల కంటికి కనిపించేది కాదు. హౌరా, టాటానగర్, ఆద్రా, భద్రక్ వైపుల దారులన్నీ కలిసే ఈ జంక్షన్‌లో 2017లో 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. ఇంటర్‌లాకింగ్ చేసే పని ఒక్కటే. ఒక బండికి దారి ఇచ్చాక, ఆ దారికి అడ్డం వచ్చే మరే దారికీ సిగ్నల్ ఇవ్వనివ్వదు. బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్లు సరిగ్గా కూర్చుని బిగిస్తే తప్ప పచ్చదీపం వెలగదు. క్యాబిన్‌లో కూర్చున్న మనిషి పొరపాటున ఇద్దామన్నా కుదరదు. ‘బహుశా’ అన్న మాటకు అక్కడ చోటు లేదు.

అదృష్టాన్ని ఇంత పట్టుదలగా బయటికి నెట్టిన ఊళ్లో పాచికలతో ఆడే ఆట ఒకటి తయారు చెయ్యాలనుకుందాం. ‘ఏ పాచిక వాడదాం?’ అనేది చాలామందికి మొదట తట్టే ప్రశ్న. దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది: పాచిక ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు? ఆ ఆట లోకంలో ఏది నిశ్చయమో, ఏది కాదో చెప్పేది ఈ జవాబే. మిగతా లెక్కంతా దీని వెనకే నడుస్తుంది.

పాత్రల ఆట అంటే

వైకుంఠపాళిలో మనం పావును నడుపుతాం. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో, అంటే పాత్రల ఆటలో, మనిషిని నడుపుతాం. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు పరిస్థితి వర్ణిస్తారు, మిగతావాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. అది జరిగిందా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడు పాచిక తీర్పు చెబుతుంది.

ఈ పద్ధతి పుట్టింది సైన్యంలో. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ అధికారుల శిక్షణ కోసం ఒక యుద్ధపు ఆటకు నియమాలు అచ్చు వేయించాడు. పటం మీద దళాలను కదపడం ఆటగాళ్ల వంతు. కాల్పుల్లో ఎంత నష్టం జరిగిందో పాచిక వేసి, పట్టిక చూసి చెప్పడం మధ్యవర్తి వంతు. దళాలకు బదులు ఒక్కొక్క మనిషిని తీసుకుని, కథ చెప్పడాన్ని అందులో కలిపి 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువరించారు. ఇరవై ముఖాల పాచికకు లోకంలో అంత పేరు దానివల్లే వచ్చింది.

మన ఆటకు ఖరగ్‌పూరే రంగస్థలం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) ఇక్కడ జంక్షన్ కట్టి, పెద్ద వర్క్‌షాపు పెట్టడంతో విశాఖ, శ్రీకాకుళం వైపుల నుంచి తెలుగువాళ్లు పనికి వచ్చారు. రైల్వే క్వార్టర్లలో తరాల తరబడి నిలిచిపోయారు. అందుకే పాత్రలు వెతుక్కోనక్కర్లేదు. వర్క్‌షాపు ఫిట్టరు, యార్డులో పాయింట్స్‌మన్, గోల్‌బజార్‌లో టిఫిన్ అమ్మే పిన్ని, టీటీఈ, 1951లో హిజిలీలో మొదలైన ఐఐటీ నుంచి ఊళ్లోకి తిరగడానికొచ్చిన కుర్రాడు. కథ నడిపేవారిని ‘గార్డు’ అందాం. 2022లో రైల్వే ఆ ఉద్యోగానికి ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు మార్చింది గానీ మనకు పాత పేరే బాగుంది. బండిని నడిపేది ముందున్నవాళ్లు. వెనక నుంచి చూస్తూ జెండా ఊపేది గార్డు.

వెయ్యకూడని చోటు

పాయింట్స్‌మన్ రోజూ చేసే పని చేస్తున్నాడు, చేతిలో దీపం ఉంది, తొందరేమీ లేదు. అప్పుడు పాచిక వెయ్యకూడదు. పని అయిపోయినట్టే. ఫిట్టరు వట్టి చేతులతో ఇంజను ఎత్తుతానంటాడు. అప్పుడూ వెయ్యకూడదు. అది కాని పని.

ఈ రెండింటికీ మధ్య ఇరుకైన జాగా ఒకటి ఉంది: పని కావచ్చు, కాకపోవచ్చు. అయితే అదొక్కటే చాలదు. అయినా కాకపోయినా కథ ముందుకు సాగాలి. తాళం వేసిన పెట్టెను ఫిట్టరు తెరవలేకపోతే ‘మళ్లీ ప్రయత్నిస్తాను’ అంటాడు. అది తెరుచుకునేదాకా అందరూ పాచికలు వేస్తూ కూర్చోవాల్సిందే. దాన్ని ఆట అనలేం. తలుపవతల టీటీఈ బూట్ల చప్పుడు వినిపిస్తుంటే ఆ ఒక్క వేతకే విలువ వస్తుంది.

కాబట్టి మొదటి నియమం: ఫలితం తెలియనప్పుడు, రెండు ఫలితాలూ కథను కదిలించేటప్పుడు మాత్రమే వెయ్యాలి. ఇంటర్‌లాకింగ్ ఉన్న చోట పాచికకు పని లేదు.

చదునూ, గుట్టా

ఒక ఆరు ముఖాల పాచిక వేస్తే ఒకటి నుంచి ఆరు దాకా ఏదైనా సమానంగా పడుతుంది, ఒక్కొక్కటి ఆరింట ఒక వంతు. గీత గీస్తే చదునుగా ఉంటుంది. రెండు పాచికలు వేసి కూడితే సంగతి మారుతుంది. మొత్తం 36 విధాలు. వాటిలో 12 రావడానికి ఒక్కటే దారి, 7 రావడానికి ఆరు దారులు. గీత మధ్యలో గుట్టలా లేస్తుంది.

ఈ తేడా జూదగాళ్లకు అనుభవంలో తెలుసు. మూడు పాచికలతో 9 కంటే 10 కాస్త తరచుగా పడుతుందని ఇటలీలో గమనించారు. విడదీసి రాస్తే రెండింటికీ ఆరేసి కూర్పులే కనిపిస్తాయి, మరి తేడా ఎందుకు? గెలీలియో లెక్క తేల్చాడు. కూర్పులు ఆరే అయినా, ఏ పాచిక మీద ఏది పడిందో విడిగా లెక్కపెడితే 216 విధాల్లో 9 వచ్చేవి 25, 10 వచ్చేవి 27. నూటికి ఒకటి కూడా లేని ఆ తేడాను కంటితో పట్టుకున్నారంటే వాళ్లు ఎన్ని రాత్రులు ఆడి ఉంటారో ఊహించండి.

ఆట తయారుచేసేవారికి ఇందులో పనికొచ్చే విషయం నైపుణ్యం విలువ. ఇరవై ముఖాల పాచిక మీద పాత్ర నైపుణ్యానికి ఒక అంకె కలిపితే, గెలుపు అవకాశం సాధారణంగా ఐదు శాతం పెరుగుతుంది. కొత్తవాడికీ అంతే, ఆరితేరినవాడికీ అంతే. రెండు ఆరు ముఖాల పాచికలతో అలా కాదు. 8 లేదా ఆపైన రావాలంటే అవకాశం 36లో 15, అంటే 42 శాతం. ఒకటి కలిపితే 7 వచ్చినా చాలు, అవకాశం 36లో 21, అంటే 58 శాతం. ఒక్క అంకెతో పదహారు పదిహేడు శాతం ఎగబాకింది. అదే పన్నెండు రావలసిన, దాదాపు అసాధ్యమైన పనికి ఒకటి కలిపితే 3 శాతం కాస్తా 8 శాతం అవుతుంది, అంతే. చదును లోకంలో ప్రతి మెట్టూ ఒకే ఎత్తు. గుట్ట లోకంలో మధ్యలో ఉన్నవాడికి కాస్త సాయం చాలా పెద్దది, అంచున ఉన్నవాడికి అది ఏ మూలకూ రాదు.

మన ఊరికి ఏది నప్పుతుంది? ఇరవై ఏళ్లు ఒకే పని చేసిన ఫిట్టరు చెయ్యి చాలాసార్లు ఒకే తీరుగా ఉంటుంది, ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. అతనికి గుట్ట నప్పుతుంది. ఆ గుట్టను తయారుచేసే సాధనం తెలుగువాళ్ల ఇళ్లలో ఏనాటి నుంచో ఉంది.

అష్టా చెమ్మా లెక్క

అష్టా చెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. వెల్లకిలా ఎన్ని పడితే అంత పందెం: ఒకటి, రెండు, మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. చెమ్మో అష్టో పడితే మళ్లీ వెయ్యొచ్చు.

గవ్వ ఎటు పడేదీ సరిసమానం అనుకుందాం. నాలుగు గవ్వలకు పదహారు విధాలు. ఒక్కటీ వెల్లకిలా పడనిది ఒక విధం, ఒకటి పడేవి నాలుగు, రెండు పడేవి ఆరు, మూడు పడేవి నాలుగు, నాలుగూ పడేది ఒకటి. 1, 4, 6, 4, 1. అదే గుట్ట.

ఈ వరస ఛందస్సు చదువుకున్నవాళ్లకు పరాయిది కాదు. మూడు అక్షరాల గణాలు ఎనిమిది. మూడూ గురువులైనది మగణం ఒక్కటే. రెండు గురువులు, ఒక లఘువు ఉన్నవి యగణం, రగణం, తగణం. ఒక గురువు, రెండు లఘువులు ఉన్నవి భగణం, జగణం, సగణం. మూడూ లఘువులైనది నగణం. 1, 3, 3, 1. గురువును వెల్లకిలా గవ్వ అనుకుంటే మూడు గవ్వలు పడే విధాలన్నీ ఇవే. పింగళుడి ఛందశ్శాస్త్రానికి పదో శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు ఈ అంకెలను మేరుప్రస్తారంగా పేర్చి చూపాడు. పై వరసలో పక్కపక్కనున్న రెండంకెలను కూడితే కింది అంకె వస్తుంది. 1, 3, 3, 1 కింద 1, 4, 6, 4, 1. దాని కింద 1, 5, 10, 10, 5, 1. యూరప్ దీన్ని పాస్కల్ త్రిభుజం అంటుంది. పాస్కల్, ఫెర్మా 1654లో ఉత్తరాలు రాసుకుంటూ సంభావ్యతా గణితానికి పునాది వేసింది కూడా జూదం లెక్కల మీదే.

అష్టా చెమ్మా రూపొందించినవాళ్లు ఎవరో గానీ, ఒక మంచి పని చేశారు. గుట్టకు రెండు అంచులా ఉన్న అరుదైన పందాలకే బహుమతి పెట్టారు. ఒక వేతకు సగటున రెండున్నర గళ్లు వస్తాయి. చెమ్మ, అష్ట కలిపి ఎనిమిదింట ఒకసారి పడతాయి, పడితే ఇంకో వేత. దాన్నీ కలుపుకుంటే ఒక వంతుకు సగటు మూడు గళ్లకు కాస్త తక్కువ. చేతిలో గవ్వలు ఆడిస్తున్నంతసేపూ ‘అష్ట పడాలి’ అని గొంతులు లేస్తాయి కదా, ఆ ఉత్సాహం ఆటలోకి వచ్చింది ఈ ఒక్క నియమంతోనే.

నైపుణ్యం అంటే ఎన్ని గవ్వలు?

ఇప్పుడు మన ఆట. నైపుణ్యాన్ని అంకెగా కలిపే బదులు గవ్వలుగా చేతికే ఇచ్చేద్దాం. ఏ పనికైనా ఎవరికైనా రెండు గవ్వలు. అది ఆ పాత్ర వృత్తికి చెందిన పనైతే మరొకటి. తగిన పనిముట్టు ఉంటే ఇంకొకటి. తోటి పాత్ర సాయం పడితే ఇంకొకటి. ఐదు దాటకూడదు. పని కష్టమైనదైతే గార్డు ఒకటి తీసేస్తాడు.

వేసి, వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టండి. ఒక్కటీ పడకపోతే ఎరుపు. ఒకటి పడితే పసుపు. రెండు గాని అంతకంటే ఎక్కువ గాని పడితే పచ్చ.

మేరుప్రస్తారం చేతిలో ఉంది కనక అవకాశాలు ఇట్టే వస్తాయి:

ఒక గవ్వ: ఎరుపు 50 శాతం, పసుపు 50, పచ్చ లేదు.
రెండు గవ్వలు: ఎరుపు 25, పసుపు 50, పచ్చ 25.
మూడు గవ్వలు: ఎరుపు 12.5, పసుపు 37.5, పచ్చ 50.
నాలుగు గవ్వలు: ఎరుపు 6, పసుపు 25, పచ్చ 69.
ఐదు గవ్వలు: ఎరుపు 3, పసుపు 16, పచ్చ 81.

పచ్చ వరస చూడండి. మొదటి రెండు మెట్లూ 25 చొప్పున. తరవాత 19, ఆపైన 12. ఏమీ తెలియనివాడికి దొరికే సాయం విలువ ఎక్కువ, అన్నీ ఉన్నవాడికి తక్కువ. ఎన్ని గవ్వలున్నా ఎరుపు సున్నా కాదు. ఎంత అనుభవజ్ఞుడైనా చెయ్యి తప్పొచ్చునన్న మాటను నియమంగా వేరే రాయనక్కర్లేదు, లెక్కలోనే ఉంది.

ఊరి స్వభావం కూడా ఇక్కడే ప్రవేశిస్తుంది. ఖరగ్‌పూర్‌లో భాషే ఒక పనిముట్టు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఆఫీసులో బెంగాలీ, కాగితాల మీద ఇంగ్లీషు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇచ్చింది ప్రధానంగా ఈ ఊరి తెలుగువాళ్లను చూసే. కాబట్టి ఎదుటి మనిషి భాషలో మాట్లాడితే ఒక గవ్వ అదనం. ఈ ఒక్క నియమంతో, ఏ కండబలమూ లేని పిన్ని యార్డులో అందరికంటే సమర్థురాలు కాగలదు. కాలాన్ని మార్చాలన్నా గవ్వలు మార్చక్కర్లేదు. 1927లో బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెతో ఖరగ్‌పూర్ అట్టుడికింది. తరవాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఆ రైల్వే కార్మికోద్యమ నాయకుల్లో ఒకరు. కథను ఆ రోజుల్లో పెడితే ఏ పనికి గవ్వ తియ్యాలో, ఏ సాయానికి ఇవ్వాలో గార్డు మారుస్తాడు, అంతే.

పసుపులోనే కథ

రైల్వేలో ఎరుపంటే ఆగు. పచ్చంటే సాగిపో. పసుపంటే వెళ్లొచ్చు గానీ, వచ్చే సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడి వెళ్లు. పాత్రల ఆటలకు అచ్చంగా కావలసింది ఈ మూడో అర్థమే. పాత ఆటల్లో చాలావాటికి గెలుపు, ఓటమి రెండే ఉండేవి. 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ రెండు పాచికల మొత్తాన్ని మూడు ముక్కలు చేసింది. 10 లేదా ఆపైన పడితే పూర్తి ఫలితం, 7 నుంచి 9 దాకా అయితే చిక్కుతో కూడిన ఫలితం, 6 లేదా అంతకంటే తక్కువైతే ఇబ్బంది. మామూలు పాత్రకు మధ్య ముక్క అవకాశం 36లో 15. ఆ తరవాత వచ్చిన ఎన్నో ఆటలు ఆ పద్ధతిని అందుకున్నాయి.

మన ఆటలో ఒక ఘట్టం ఇలా నడవొచ్చు:

గార్డు: బండి కదలబోతోంది పిన్నీ. బోగీలో ముగ్గురి దగ్గర ఇడ్లీ డబ్బులు రావాలి. ఏం చేస్తావు?

పిన్ని: ఎక్కేసి, వసూలు చేసుకుని దిగిపోతాను.

ఫిట్టరు: సాంబారు క్యాను నేను పట్టుకుంటాను పిన్నీ, నువ్వెళ్లు.

గార్డు: అందరికీ రెండు. నీ వ్యాపారమే కాబట్టి ఒకటి. ఫిట్టరు సాయం ఒకటి. నాలుగు గవ్వలు వెయ్యి.

ఒకటే వెల్లకిలా పడింది. పసుపు.

గార్డు: డబ్బులొచ్చేశాయి. ఈలోగా బండి కదిలింది. ఒకటి నువ్వే తేల్చుకో. బండిలో ఉండిపోయి బాలాసోర్‌లో దిగుతావా? లేకపోతే ఇప్పుడే దూకితే ఫిట్టరు నిన్ను పట్టుకోవడానికి క్యాను వదిలెయ్యాలి, సాంబారంతా ప్లాట్‌ఫారం పాలు.

ఇక్కడ రెండు చిన్న సంగతులు ఉన్నాయి. పని అయింది, డబ్బు వచ్చింది. గార్డు దాన్ని వెనక్కి లాక్కోలేదు. పసుపు పడ్డప్పుడు అడిగింది ఇచ్చి తీరాలి, వెల మాత్రమే చెప్పాలి. ఇక రెండోది, ఆ వెలలో సాయం చేసినవాడికీ వాటా ఉంది. లేకపోతే ప్రతి పనికీ అందరూ సాయం సాయం అంటారు, ఎప్పుడూ ఐదు గవ్వలే పడతాయి, పట్టికలో పై వరసలు వృథా అవుతాయి.

ఒక్కసారి అరుదు, పూటంతా తప్పదు

ఎరుపు పడితే ఏమవ్వాలి? ‘పాత్ర చనిపోతుంది’ అని రాసేయడం తేలిక. లెక్క చూద్దాం. మూడు గవ్వలతో ఎరుపు ఎనిమిదింట ఒకసారి. ఒక పూటలో ఒక పాత్ర ఇరవైసార్లు వేస్తే, ఒక్కసారైనా ఎరుపు పడే అవకాశం 93 శాతం. ఐదు గవ్వల నిపుణుడు పదిసార్లు వేసినా 27 శాతం. ఎరుపంటే చావు అని రాస్తే, ఆటలో ఎవరూ ముసలివాళ్లు కారు.

రైల్వే ఇంటర్‌లాకింగ్‌కు ఇంత ఖర్చు ఎందుకు పెడుతుందో చెప్పేది కూడా ఈ లెక్కే. వెయ్యింట ఒకసారి జరిగే పొరపాటు వినడానికి చిన్నదే. రోజుకు ఐదువందలసార్లు చేసే పనిలో అయితే ఏ రోజైనా అది జరిగే అవకాశం 39 శాతం. అరుదుతనం ఒక్క వేతకు చెందిన గుణం. భద్రత చూడాల్సింది మొత్తం వేతలకు. ఆటలో కూడా ఎరుపు ఫలితాన్ని అది పూటకు ఎన్నిసార్లు పడుతుందో చూసుకుని నిర్ణయించాలి. మన ఆటలో ఎరుపంటే దారి మూసుకుపోవడం. అదే పనిని అదే విధంగా మళ్లీ చెయ్యలేరు, వేరే మార్గం వెతకాలి.

వరసగా మూడు ఎరుపులు పడ్డవాడు ‘ఇక పచ్చ పడాల్సిందే’ అంటాడు. పడక్కర్లేదు. ముందేం పడిందో గవ్వకు తెలియదు. నాలుగోసారి కూడా అవకాశం మొదటిసారి ఎంతో అంతే. అలా కుంగిపోయిన ఆటగాడిని ఆదుకోవాలనిపిస్తే గవ్వను నమ్ముకోకుండా నియమం రాయాలి: ఎరుపు పడ్డ ప్రతిసారీ ఒక చింతపిక్క తీసుకో, మూడు పోగైతే ఇచ్చేసి ఒక గవ్వ కొనుక్కో.

గవ్వ నిజాయితీ

ఇంతవరకు గవ్వ సరిసమానంగా పడుతుందని ఒప్పుకుని వచ్చాం. సముద్రం ఆ హామీ ఇవ్వలేదు. గవ్వకు ఒక వైపు వీపు గుండ్రం, ఇంకో వైపు చదును. జాతిని బట్టి, పరిమాణాన్ని బట్టి, కింద చాపా గచ్చా అన్నదాన్ని బట్టి అది పడే తీరు మారుతుంది. ఒక గవ్వ నూటికి 40సార్లే వెల్లకిలా పడుతుందనుకోండి. మూడు గవ్వల వరస తలకిందులవుతుంది: ఎరుపు 12.5 నుంచి 22కి పెరుగుతుంది, పచ్చ 50 నుంచి 35కి పడిపోతుంది. అష్టా చెమ్మాలో ఇంకా చిత్రం. అలాంటి గవ్వలతో చెమ్మ ఒకసారి పడేలోగా అష్ట ఐదుసార్లు పడుతుంది.

మరి కనిపెట్టేదెలా? నలుడి కథలో ఋతుపర్ణుడు తాని చెట్టును చూసి, కొమ్మల ఆకులూ కాయలూ అంచనా కట్టి మొత్తం చెప్పేస్తాడు, నలుడు లెక్కపెట్టి సరిచూసుకుంటాడు. అక్షహృదయం, అంటే పాచికల విద్య, తెలిసిన రాజు కదా. వేదకాలపు జూదంలో పాచికలు కూడా తానికాయలే, త్రిఫలచూర్ణంలో పడేవే. కొంచెం చూసి మొత్తం చెప్పడం, ఆ చెప్పినదాంట్లో ఎంత తప్పుండొచ్చో ఎరగడం, ఇదే ఇవాళ్టి గణాంకశాస్త్రం. గవ్వను నూరుసార్లు వేస్తే మీ అంచనాలో అటూ ఇటూ పది శాతం దాకా తేడా ఉండొచ్చు. నాలుగువందలసార్లు వేస్తే ఐదు. తప్పు సగం కావాలంటే శ్రమ నాలుగింతలు. నాలుగు గవ్వలు కలిపి వేస్తే ఇరవై ఐదు వేతల్లోనే నూరు లెక్కలు వస్తాయి.

ఈ ఓపికలో ఇంగ్లండు శాస్త్రవేత్త వెల్డన్‌ను మించినవాడు లేడు. పన్నెండు పాచికలను 26,306సార్లు వేసి పడ్డవి రాసుకుని, 1894లో సాటి శాస్త్రవేత్త గాల్టన్‌కు ఉత్తరం రాశాడు. ఐదు గాని ఆరు గాని మూడింట ఒకసారి, అంటే 0.3333 పడాలి. పడింది 0.3377. చుక్కల కోసం తొలిచిన ముఖాలు తేలికవుతాయని, ఐదూ ఆరూ ఉన్న ముఖాల్లో ఎక్కువ తొలిచారు కాబట్టి అవి పైకి తేలాయని సాధారణంగా చెబుతారు. 1900లో కార్ల్ పియర్సన్ తన కై-స్క్వేర్ పరీక్షను ఈ లెక్కల మీదే ప్రయోగించి చూపాడు.

ఆ పరీక్ష మీరూ చేయొచ్చు. ఆరు ముఖాల పాచికను 60సార్లు వేయండి. ప్రతి ముఖం పదిసార్లు పడాలి. వచ్చిన తేడాలను వర్గం చేసి, పదితో భాగించి, ఆరింటినీ కూడండి. మొత్తం 11 దాటితేనే పాచికను అనుమానించండి. ఉదాహరణకు 6, 9, 8, 10, 11, 16 పడ్డాయనుకుందాం. తేడాల వర్గాలు 16, 1, 4, 0, 1, 36. మొత్తం 58, పదితో భాగిస్తే 5.8. ఆరు పదహారుసార్లు పడినా పాచిక దొంగదని చెప్పడానికి ఆ సాక్ష్యం చాలదు.

గవ్వ వంకర అని తేలితే మందు ఉంది. ఒక గవ్వను రెండుసార్లు వేయండి. ముందు వెల్లకిలా, తరవాత బోర్లా పడితే ‘అవును’. ముందు బోర్లా, తరవాత వెల్లకిలా పడితే ‘కాదు’. రెండూ ఒకేలా పడితే కొట్టేసి మళ్లీ మొదలు. గవ్వ ఎంత వంకరగా ఉన్నా ఈ రెండింటి అవకాశమూ సమానమే. 1951లో గణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ చెప్పిన ఉపాయం ఇది. అయితే 40 శాతం గవ్వతో సగానికి పైగా జతలు కొట్టేయాల్సి వస్తుంది. ఆటలో ఎవరికీ అంత ఓపిక ఉండదు. అందుకని మన ఆటకు సులువైన దారి: గవ్వలను ముందే పరీక్షించి, మరీ వంకరవాటిని ఏరేయడం. సరైన గవ్వలు దొరక్కపోతే నాణేలు.

సరిచూసుకోవడం

నియమాలన్నీ కలిపితే ఒక పేజీ కూడా కాలేదు. అనుమానం ఉంటేనే వెయ్యి. రెండు గవ్వలతో మొదలు. వృత్తికి, పనిముట్టుకో భాషకో, సాయానికి ఒక్కొక్కటి. కష్టానికి ఒకటి తీసెయ్యి. ఎరుపు దారి మూస్తుంది, పసుపు వెల అడుగుతుంది, పచ్చ వదిలేస్తుంది. మూడు చింతపిక్కలకు ఒక గవ్వ.

ఒక పూట ఆడి, ఏ రంగు ఎన్నిసార్లు పడిందో కాగితం మీద గీతలు పెట్టండి. పసుపు నాలుగింట ఒకసారి కూడా పడటం లేదంటే, మీవాళ్లు చాలాసార్లు ఐదు గవ్వలతోనే వేస్తున్నారన్న మాట. సాయానికి వెల పెంచండి. ఎరుపు నాలుగింట ఒకటి దాటితే గవ్వల్ని అనుమానించే ముందు గార్డును అడగండి, తేలికైన పనులకు కూడా గవ్వ తీసేస్తున్నాడేమో. ఆ రెండూ కాకపోతే గవ్వల్ని నూరుసార్లు వేసి చూడండి. ఏ మార్పు చేసినా ఒకసారికి ఒక్కటే చేయండి. రెండు కలిపి మారిస్తే తరవాతి పూట ఆట బాగుపడినా, అది దేనివల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు.